కంఠమున నిలిచిన విద్య – చేతనున్న యంత్రము

శబ్దము పుట్టినచోటనే నశించును. దానిని నిలుపుటకు మన పూర్వులు తొలుత ఆశ్రయించినది తాటియాకును కాదు, రాగిరేకును కాదు, మనుష్యుని కంఠమును. వేదమును పదము, క్రమము, జట, ఘనము అని పలు విధముల వల్లింపజేయుటలోని ఆంతర్యమిదియే. ఒక పాఠమున దొరలిన తప్పును మరియొక పాఠము పట్టియిచ్చును. అయితే ఈ ఏర్పాటు సాగుటకు గురువు ఎదుట శిష్యుడొకడు కూర్చుండవలెను. కూర్చుండువాడు లేనినాడు విద్య గురువుతోనే వెడలిపోవును.

తాళ్లపాక అన్నమాచార్యుల వారి (1408–1503) సంకీర్తనలు తిరుమల ఆలయమునందలి సంకీర్తన భాండారమున రాగిరేకులపై శతాబ్దముల తరబడి భద్రముగా ఉన్నవి. ఇరవయ్యవ శతాబ్దమున అవి వెలుగునకు వచ్చినప్పుడు సాహిత్యము లభించినది, రాగముల పేర్లు లభించినవి. ఆచార్యులవారు పాడిన వరుస మాత్రము లభింపలేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారి వంటి విద్వాంసులు పెక్కు కీర్తనలను మరల స్వరపరుపవలసి వచ్చినది. అది మహోపకారము. అయినను పోయిన బాణీ పోయినదే. నేడు పశులకాపరి చేతిలో సైతము ఉన్న సెల్‌ఫోను వంటి సాధనము ఆనాడుండిన ఎంత బాగుండెడిది అను తలపు సంగీతాభిమానులకు కలుగుట సహజము.

ఆ తలపును పరీక్షించి చూచుటకు పుత్తూరు ప్రాంతమున తగిన సందర్భమొకటి కలదు. తెలుగును అరవమును కలిసి వినిపించు ఈ సీమలో ద్రౌపదీదేవి, ధర్మరాజుల ఆలయముల యొద్ద ఏటేట భారతము జరుగును. పగలు భాగవతారు హరికథగా చెప్పిన ఘట్టమునే రాత్రి వీధినాటక కళాకారులు తెల్లవారువరకు ఆడుదురు. పెక్కుచోట్ల ఇది పదునెనిమిది దినములు సాగును. కడపటి దినమున నేలపై మట్టితో మలచిన దుర్యోధనుని మహాకాయము చెంత భీముడు తొడ విరుగగొట్టును. సాయంకాలము కంకణధారులు అగ్నిగుండము త్రొక్కుదురు. చదువు రాని రైతునకు సైతము విరాటపర్వము క్షుణ్ణముగా తెలియుట ఈ భారతముల చలవయే.

ఇప్పుడీ ఆటల ముందు నూరు చేతులలో నూరు చరవాణులు వెలుగుచున్నవి. దీనిని చూచి పెద్దలు విసుగుకొనుట కద్దు. కాని విసుగుకు ముందు ఉపకారమును గుర్తింపవలెను. చెన్నపట్టణమునకో బెంగుళూరునకో బ్రతుకుతెరువునకై పోయినవాడు తన ఊరి ద్రౌపది కురులు ముడుచుకొను ఘట్టమును ఆ క్షణముననే చూడగలుగుచున్నాడు. 2020లో కరోనా మహమ్మారి వలన తిరుమల బ్రహ్మోత్సవములే ఏకాంతముగా జరిగినప్పుడు లక్షలాది భక్తులకు కన్నులైనవి దూరదర్శన యంత్రములు, ఈ చరవాణులే కదా! వేషధారి కంఠము ముదిరిన పిదప అతని పద్యపు ఎత్తుగడ, దరువు నడక తెలియగోరు బాలునకు కూడ ఇంతకు మించిన సాధనము లేదు.

చిక్కు అర్జునుని తపస్సునాడు ఎదురగుచున్నది. ఆకాశమునంటు తపసుమాను మీదికి అర్జున వేషధారి మెట్టు మెట్టునకు పద్యము పాడుచు ఎక్కును. క్రింద సంతానము లేని స్త్రీలు తడిబట్టలతో నేలపై సాగిలపడి వరపడియుందురు. పైనుండి అతడు విసరిన ప్రసాదము తమ కొంగున పడునేమో అని వారి ఆశ. వారి ముఖములను, తడిసిన వలువలను, కన్నీటిని చరవాణి దగ్గరగా చూపి దేశదేశములకు పంపినచో అది సంప్రదాయ రక్షణ యగునా?

ఊరందరి ఎదుట జరుగుదానిలో దాచవలసినదేమున్నదని వాదింపవచ్చును. వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. కాని ఊరి చూపు వేరు. అక్కడ నిలిచి చూచువారు ఆమెకు అత్తయో, మేనత్తయో, పొరుగింటి అక్కయో అగుదురు. మరుసటి యేడు ఊయల కట్టినచో వారే వచ్చి పాట పాడుదురు, కట్టకున్నను ఆమె మ్రొక్కును గూర్చి మరల ఎత్తరు. యంత్రమునకు ఆ మరపు లేదు. పదేండ్లకు పిదప ఆమెను ఎరుగని వాడొకడు వినోదమునకై ఆ దృశ్యమును తెరచి చూచును. ఆమె దైవమును నమ్మి బయలుపరచిన దుఃఖము ఆమెదేకాని, తీసినవానిది కాదు. తిరుమల శ్రీవారి ఆలయములోనికి చరవాణిని అనుమతింపకపోవుట ఎల్లరకు తెలిసినదే; ఊరి మైదానమునకు గోడ లేదు గనుక అచ్చట ఆ గోడను మనసునందే కట్టుకొనవలసియున్నది.

ఇంతేకాదు, ఆటనాడు గుంపులో తీసినదానిలో ఈలలు, మైకు గోల తప్ప పద్యము వినబడుటయే అరుదు. నిజముగా నిలుపగోరువారు భారతము లేని నెలలలో వృద్ధ కళాకారుని ఇంటికి వెళ్లి, ఆయన అనుమతి గైకొని, సంభావన ముట్టజెప్పి, ఒక్కొక్క పద్యమును రాగతాళముల పేర్లతో నెమ్మదిగా పాడించుకొనవలెను. ప్రక్కన ఇద్దరు బాలురను కూర్చుండబెట్టి వారిచేత వెంటనే తిరిగి పాడింపవలెను. ఇక తపస్సునాడు స్త్రీలు వరపడియున్న ఆ కొద్దిసేపు చరవాణులు దింపుడని నిర్వాహకులు మైకులో ఒక్కమాట చెప్పిన చాలును. అర్జునుని పద్యము చెవులతో వినవచ్చును.