షరాబు సంచి

గద్వాలలో ఒక షరాబు ఉండేవాడట. ఓ రాత్రి అతని సంచిలో మూడు నాణేలు పక్కపక్కన పడ్డాయి. ఒకటి గద్వాల రూపాయి. రెండోది వనపర్తి సంస్థానం వారి సుగూరు రూపాయి. మూడోది ముత్తాత కాలంలో ఎవరో అర్మేనియా వర్తకుడు కుదువ పెట్టి, మళ్లీ విడిపించుకోని పాత వెండి బిళ్ళ. ఆ దేశపు వర్తకులు గోలకొండ కాలంలో బట్టల కోసం మచిలీపట్నం దాకా వచ్చినవాళ్లే. హైదరాబాదు ఉప్పుగూడలో వాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి.

బిళ్ళకు ఒళ్లంతా గర్వం. "నా మీదున్నది అర్మేనియా రాజు టిగ్రాన్ మహారాజు. కిరీటం చూడండి, నడుమ నక్షత్రం, అటొక గద్ద, ఇటొక గద్ద. క్రీ.పూ. 83లో సిరియాను చేజిక్కించుకుని ఆంటియోక్‌లో నాణెం కొట్టించిన రాజాధిరాజు! మరి మీ దొరల పేర్లేవి?"

రూపాయిలు రెండూ తలవంచుకున్నాయి. కొట్టింది మన టంకశాలల్లోనే. అక్షరాలేమో పారసీ, పేరేమో ఢిల్లీ పాదుషాది. గద్వాల కోట కట్టించిన సోమనాద్రి వంశం పేరు అందులో ఎక్కడా లేదు.

తెల్లారింది. నాగర్‌కర్నూలు రైతు ఒకడు భార్య కడియాలు కుదువ పెట్టి, కూతురి పెళ్లికి చీర బేరం చేశాడు. షరాబు సంచి విప్పి లెక్క సరిపెట్టబోతూ ఆ బిళ్ళనూ కలిపాడు. నేసినామె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఈ పిట్టల టోపాయన ఎవరు షరాబయ్యా? నాకొద్దు. మనూరి రూపాయియ్యి, జరీ సేటు మారుమాట లేకుండ తీసుకుంటడు. సుగూరుదైతే వట్టం పట్టుకుంట."

షరాబు నవ్వి బిళ్ళను త్రాసులో వేశాడు. ఒకటింబావు రూపాయికి పైనే తూగింది. మధ్యాహ్నానికి అది కంసాలి మూసలో ఉంది. ముందు గద్దలు కరిగాయి, తర్వాత నక్షత్రం, ఆఖరికి రాజాధిరాజు ముక్కు. సాయంత్రానికి ఎవరి పిల్ల కాలికో కడియమైంది.

నీతి: నాణెం మీద పేరు రాజుది. దాన్ని నడిపేది మాత్రం ఆ ఊరి నమ్మకం.

టిగ్రాన్ కథ కూడా ఇంతకంటే గొప్పగా ముగియలేదు. క్రీ.పూ. 69లో రోమన్ సేనాని లుకుల్లస్ చేతిలో ఓడాడు. 66లో పాంపేకు లొంగి, సిరియాను వదులుకుని అర్మేనియాతో సరిపెట్టుకున్నాడు. మన రూపాయిలు మాత్రం ఏం నిలిచాయి గనక? 1857 తిరుగుబాటు అణగాక పాదుషా పేరు పోయి హైదరాబాదు నాణేల మీద నిజాం పేరు వచ్చింది. ఆ తర్వాత జనం నోట ఏడు హాలీలకు, అంటే నిజాం రూపాయిలకు, ఆరు కల్దార్ల, అంటే బ్రిటిషు రూపాయిల లెక్క మిగిలింది. ఇప్పుడు గద్వాల రూపాయి పట్టుకుని సంతకు పోతే పచ్చిమిర్చి కూడా రాదు. పాత నాణేలు కూడబెట్టేవాళ్లు మాత్రం మూస తప్పించుకున్న ఒక్కొక్క దాని కోసం తిరుగుతారు. దొరికితే త్రాసు కంటే ముందు భూతద్దం తీస్తారు, పేరు చదవడానికి.