త్రోవ తెలిసిన చిన్నవాడు

ధ్యానభాగము: సంఖ్యాకాండము 10:29-32



ఇశ్రాయేలీయులు సీనాయి కొండను విడిచి ప్రయాణమైన సంగతి మనము చదువునప్పుడు, మేఘమును గూర్చి ధ్యానించుదుము, వెండి బూరలను గూర్చి ధ్యానించుదుము, గోత్రముల వరుసను గూర్చి కూడ కొంత చెప్పుకొందుము. వాటి నడుమ నాలుగు వచనములు కలవు. మోషే తన భార్యవైపు బంధువైన హోబాబు అను మిద్యానీయుని పిలిచి, తమతో రమ్మని బతిమాలుచున్నాడు. హోబాబు మొదట ఒప్పుకొనడు. నా దేశమునకు పోవుదునని చెప్పును. అయినను మోషే విడువడు. ఈ అరణ్యములో ఎక్కడ దిగవలెనో నీకు తెలియును, మాకు కన్నులవలె ఉండుమని అతని వేడుకొనుచున్నాడు.

మేఘము ముందు నడచుచుండగా మోషేకు మనుష్యుని కన్నులు ఎందుకు? మేము సెమినరీలో చదువుకొన్న దినములలో ఈ ప్రశ్నకు వ్రాసిన జవాబునకు మంచి మార్కులే వచ్చినవి. అయితే ఆ జవాబు మాకు అర్థమైనది 2024 డిసెంబరులో, మా కొండమీద, ఒక గెడ్డయొద్ద.

ఆ నెలలో హైదరాబాదునుండి ఒక యౌవనస్థుడు మా యింటికి అతిథిగా వచ్చెను. మా సంఘపెద్ద కుమారునితో కలిసి పనిచేయువాడు. అతడు ఒక సైకిలును రెండు ముక్కలుగా విప్పి సంచిలో పెట్టి తెచ్చెను. అది మన సైకిలువంటిది కాదు. టైర్లు మూడు వ్రేళ్ల వెడల్పు, వాటిమీద గరుకైన బొడిపెలు. ముందు చక్రమునకు స్ప్రింగులవలె లోనికి దిగి పైకి లేచు ఫోర్కు. మోటారుసైకిలుకు ఉన్నట్టు డిస్కు బ్రేకులు. కొండదారులలో త్రొక్కుటకే చేసినదట. అమెరికాలోని కాలిఫోర్నియాలో తమల్పాయిస్ అను కొండప్రాంతమున కొందరు యువకులు పాత సైకిళ్లమీద మట్టిదారిని దిగుటతో ఈ ఆట పెరిగినదని అతడు చెప్పెను. 1976లో వారు పందెము పెట్టుకొన్న వాలునకు రీప్యాక్ అని పేరు. పెడలును వెనుకకు త్రొక్కిన పట్టుకొను ఆ పాత బ్రేకులలోని గ్రీజు, దిగులోపల కాగి పొగయై పోయెడిదట. ప్రతిసారి క్రొత్త గ్రీజు కూరవలసి వచ్చెడిది గనుక ఆ పేరు. 1996లో అట్లాంటా ఒలింపిక్సులో కూడ ఈ పందెము చేర్చిరి. భోజనము చల్లారుచున్నను మేము ఆసక్తితో వింటిమి.

మా అనంతగిరి కొండలలో అతనికి నచ్చిన దారులు అనేకములు. సిల్వరు ఓకు చెట్లు, వాటికి ప్రాకిన మిరియాల తీగెలు, క్రింద కాఫీ మొక్కలు. ఆ నెలలో ఎఱ్ఱని కాఫీపండ్లు కోయుదురు. దారి చూపుటకు మేమే బయలుదేరితిమి. మా పాత సైకిలుమీద ఎక్కినది కొంత, దానిని నడిపించినది చాల. మా వెంట సండేస్కూలుకు వచ్చు ఒక పిల్లవాడు, పండ్రెండేండ్లవాడు, ఆవులను తోలువాడు, పరుగెత్తుచు వచ్చెను. మేము రమ్మనలేదు, వద్దనలేదు.

అతిథి ప్రతి వాలుయొద్దను దిగి సీటు క్రిందికి దించుకొనెను, టైర్లలో గాలి కొంచెము తీసెను. రాయిని చూచినయెడల చక్రము రాయిమీదికే పోవునని, పోవలసిన చోటును మాత్రమే చూడవలెనని చెప్పెను. దీనిమీద ఒక ప్రసంగము చేయవచ్చునని మేము అప్పుడే మనస్సులో వ్రాసికొనుచుంటిమి. అంతకంటె ముఖ్యమైన ప్రసంగము రెండు ఫర్లాంగుల దూరములో మాకొరకు కనిపెట్టుకొని యున్నదని యెరుగము.

దారి రెండుగా చీలుచోట, కుడిది తోటల మీదుగా చుట్టి పోవును. ఎడమది నేరుగా గెడ్డకు దిగును. మేము ఎడమ చెయ్యి చూపితిమి. అప్పుడు ఆ పిల్లవాడు, "అయ్యగారూ, ఎడమ దారి వద్దండి. వాన్లకి గెడ్డకాడ కోసీసింది," అనెను. మేము నవ్వి, "నువ్వు పుట్టకముందు నుంచి నేనీ దారిన నడుస్తున్నాను రా," అంటిమి. అది నిజమే. ఇంటి ప్రార్థనలకు ఆ దారిన ఎన్నిసారులు పోతిమో లెక్క లేదు. అయితే అక్టోబరు వానల తరువాత ఒక్కసారియు పోలేదు. మరియు, సహోదరులారా, ఆ మాట మేము పిల్లవానితో అంటిమేగాని, వినవలెనని కోరినది అతిథి.

అతడు వినెను, బ్రేకు వదలి దిగిపోయెను. పనసచెట్టు మలుపు దాటగానే దారి లేదు. రొమ్ములోతు గండి. ముందు చక్రము అంచున తగిలి అతడు హేండిలు మీదుగా ఎగిరి అవతల పడెను. హెల్మెట్టు పగిలినది, తల నిలిచినది, కాలరు ఎముక విరిగినది. పిల్లవాడు ఊరిలోనికి పరుగెత్తి మనుష్యులను పిలుచుకొని వచ్చెను. డోలీ కట్టి రోడ్డువరకు మోసికొని పోయిరి.

రోడ్డుమీద సంఘపెద్ద, "ఏమి జరిగిందయ్యగారూ?" అని అడిగెను. మేము, "చాలా వేగంగా పోయాడండి," అని జవాబిచ్చితిమి. పిల్లవాడు ప్రక్కనే నిలిచి యుండెను. మా ముఖము వైపు ఒకసారి చూచి తల దించుకొనెను. ఒక మాటయైనను చెప్పలేదు.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మేఘము నడిపించుచున్న మోషే, పరజనుడైన ఒకని యొద్ద, నాకు తెలియదు, నీకు తెలియును అని చెప్పుకొనగలిగెను. మేఘము ఎప్పుడు లేవవలెనో ఎప్పుడు ఆగవలెనో చూపెను. ఏ లోయలో నీళ్లున్నవో, ఎక్కడ ముండ్లున్నవో హోబాబు కన్నులు చూచియుండును. దేవుని నడిపింపు ఉన్నది గనుక మనుష్యుల మాట అక్కరలేదని మోషే అనుకొనలేదు. మాకు మేఘము లేదు. పదునాలుగేండ్ల అనుభవము మాత్రమే ఉన్నది. దానినే మేఘమనుకొంటిమి.

మరునాడు ఆసుపత్రికి పోయి అతిథి మంచముప్రక్కన కూర్చుండి జరిగినది ఒప్పుకొంటిమి. అతడు కోపపడలేదు. కొంచెముసేపు ఊరకుండి, "తెలియదండి అని ఉంటే నేను దిగి చూసుకుని వెళ్లేవాడిని. మీకు తెలుసన్నారు కదా అని బ్రేకు వదిలేశాను," అనెను.

ఈ మాట మమ్మును విడుచుట లేదు. మా మాటనుబట్టి బ్రేకు వదలినవారు ఈ సంఘములో ఎందరున్నారు? ఒక తల్లి బిడ్డకు ఇచ్చుచున్న మందు మానవచ్చునా అని అడుగును. ఒకడు భూమి కాగితములు తెచ్చి చూపును. ఒక తండ్రి కుమార్తెకు వచ్చిన సంబంధమును గూర్చి అడుగును. గౌను వేసికొన్నవాడు నాకు తెలియదని చెప్పుట చిన్నతనమని మేము తలంచి, అన్నిటికిని ఒకే గొంతుతో జవాబిచ్చితిమి. వానలు కురిసి పోయినవి; దారులు మారినవి. మందును గూర్చి డాక్టరును అడుగుమనుట విశ్వాసలోపము కాదు.

యాకోబు ఏశావుతో చెప్పిన మాట కూడ మాకు ఆ దినములలో జ్ఞాపకమునకు వచ్చెను (ఆది. 33:13-14). పిల్లలు పసివారు, మందలో పాలిచ్చునవి ఉన్నవి, ఒక్కదినము తరిమినను చచ్చును. వాటి నడకనుబట్టి మెల్లగా వచ్చెదనని అతడు చెప్పెను. (యాకోబు ఆ తరువాత శేయీరునకు పోలేదన్నది వేరే సంగతి.) ఫిలిప్పు కూడ ఐతియొపీయుని రథముప్రక్కన పరుగెత్తి, మొదట ప్రశ్న అడిగి, అతడు రమ్మనిన తరువాతనే ఎక్కి కూర్చుండెను. రథమును తానే తోలలేదు.

తరువాతి ఆదివారము వాక్యమునకు ముందు మేము పుల్పిటు దిగి, ఆ పిల్లవాని ముందుకు పిలిచి, రోడ్డుమీద మేము చెప్పినది అబద్ధమని, వీడు చెప్పినదే నిజమని సంఘము ఎదుట చెప్పితిమి. పెద్దలలో ఇద్దరికి అది నచ్చలేదు. సేవకుని గౌరవము తగ్గునని ఆరాధన తరువాత మాతో చెప్పిరి. వారి ప్రేమ మాకు తెలియును. అయినను ఆ గౌరవము ఒక మనుష్యుని ఎముక విరిచినదని వారితో అంటిమి. పిల్లవాడు మాత్రము సిగ్గుపడి తల్లి వెనుక దాగుకొనెను.

ఎముక అతుకుకొన్నదని ఆ యౌవనస్థుడు మార్చిలో వ్రాసెను. వలిసె పూలు పూచు కాలములో మరల వచ్చునట. ఈసారి ముందు ఎవరు నడువవలెనో కూడ అతడే వ్రాసెను.

ఇంకొక సంగతి మాకు ఆలస్యముగా తెలిసినది. డోలీ రోడ్డుకు చేరిన సాయంకాలమే, మేము పెద్దతో ఆ మాట చెప్పిన తరువాత, పిల్లవాడు ఒంటరిగా కొండయెక్కి, దారి చీలినచోట ఎడమవైపున ముండ్లకంప అడ్డముగా వేసి, చీకటిపడినాక ఇంటికి వచ్చెనట.