వినపడకపోతే లేనట్టేనా?

కోనసీమ గ్యాసు బావుల మీద నా పని కింది కబురు చదవడం. మూడు కిలోమీటర్ల లోతున, రాయి తొలిచే బిట్‌కు కాస్త పైన కొలిచే టూల్ ఉంటుంది. దానికి వైరు లేదు. పంపులు పైపులోకి తోసే చిక్కటి మడ్‌కు చిన్న వాల్వుతో అడ్డుపడుతూ, వదులుతూ ఒత్తిడి అలలు పుట్టిస్తుంది. రెండు మూడు సెకన్లలో అల పైకొస్తే స్టాండ్‌పైపు మీది సెన్సర్ పట్టుకుంటుంది. బావి ఎంత వాలింది, ఏ దిక్కుకు తిరిగింది, చుట్టూ రాతిలో గామా కిరణాలెంత, అన్నీ అందులోనే. సెకనుకు కొద్ది బిట్ల సమాచారమే. ఈ లెక్కన ఒక ఫోటో రావాలంటే రోజులు పడుతుంది.

చిక్కల్లా అలలు రానప్పుడే. కొత్త కుర్రాడు "టూల్ పోయింది సార్" అంటాడు. పైపు కలపడానికి పంపు ఆపి ఉంటారు. మడ్ కదలకపోతే టూల్ ఎలా పలుకుతుంది? పంపు నడుస్తున్నా దాని చప్పుడే అలను మింగేయొచ్చు. మడ్‌లో గ్యాసు చేరితే అల దారిలోనే నీరసిస్తుంది.

తర్కం చదువుకున్న మా పెదనాన్న దగ్గర అనుపలబ్ధి గురించి విన్నాను. కనపడకపోవడమే లేదనడానికి ప్రమాణమని భాట్ట మీమాంసకులు, అద్వైతులు ఒప్పుకున్నారు. అయితే ఒక షరతు: ఉంటే కనపడి తీరాలి. వెలుగులో కుండ కనపడకపోతే లేనట్టే, చీకట్లో అయితే చెప్పలేం. పిశాచం సంగతి వెలుగులోనూ చెప్పలేం!

ఇన్నేళ్లు మొక్కినా పలకలేదు కాబట్టి దేవుడు లేడనేవాళ్లకు ఈ షరతు అడ్డం. భక్తులు మాత్రం దీన్ని మరీ వాడేసుకుంటారు. మనసు నిలవలేదనో, కర్మ తీరలేదనో అంటారు. అది నాకు మింగుడుపడదు. రిగ్గు మీద సాకులకు హద్దుంది. పంపు సరిగ్గా ఉండి, చప్పుడు వడగట్టినా అల రాకపోతే, ఖర్చు ఎంతైనా పైపులన్నీ పైకి లాగి టూల్ మారుస్తాం. ఎప్పుడు లాగాలో ముందే చెప్పలేని నమ్మకాన్ని ప్రమాణంతో నిలబెట్టబోవడం దండగ.

అప్పనపల్లి గుడికి బయల్దేరుతున్న మా ఆవిడతో ఇదే అన్నాను.

"కబురు కోసం వెళ్తున్నానని ఎవరన్నారండీ? చెప్పుకోవడానికి వెళ్తున్నా."

మేమూ కిందికి చెబుతాం, పంపు జోరు పెంచీ తగ్గించీ. కానీ టూల్ తిరిగి పలికేదాకా అందినట్టు రాసుకోం. ఆ మాటా అన్నాను.

"మీరు రాసుకోవాలి, జీతం తీసుకుంటున్నారుగా" అంది.