అసంపూర్ణ నివేదనము

ఆస్ట్రియా దేశీయుడగు ఆంటన్ బ్రుక్నర్ తన ఏడవ సింఫొనీని బవేరియా రాజగు రెండవ లుడ్విగ్‌నకును, ఎనిమిదవదానిని చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్‌నకును అంకితమొసగి, ఇహలోక ప్రభువుల ఋణము తీర్చుకొన్న పిమ్మట, తొమ్మిదవదానికి భగవంతునే కృతిభర్తగా వరించెననియు, దానిని ముగించుటకు వలసిన ఆయువును ఆ ప్రభువే అనుగ్రహించునని ఆశపడెననియు ఆయనకు చికిత్స చేసిన వైద్యుడు చెప్పియున్నాడు. ఆ ఆయువు లభింపలేదు. 1894 నవంబరునాటికి మూడు భాగములు సిద్ధమయ్యెను. మరుసటి యేడు ఆరంభించిన నాల్గవభాగము చేతిలో నుండగనే, 1896 అక్టోబరు 11వ తేదీన వియన్నాలో ఆయన కన్నుమూసెను.

నరాంకితమైన కృతి నడుమ నిలిచిపోయినచో రాజు వేరొకని నియోగింపవచ్చును. భగవదంకితమైనదానిని పూరించు అధికారమెవ్వరిది? మూడవభాగమగు ఆడాజియో ప్రశాంతముగా ముగియుచున్నది గనుక, దైవమే అక్కడ గీత గీసినదనియు, ఆపై చేయిడుట అపచారమనియు పలువురు రసికులు భావింతురు. ఇది మనోహరమైన భావమే. నాకు మాత్రము సమ్మతము కాదు. శక్తి సన్నగిల్లిన దినములలో, నాల్గవభాగము ముగియనిచో తాను మునుపు రచించిన టె డేయుమ్ అను స్తోత్రమును దాని స్థానమున పాడవలసినదని బ్రుక్నరే సూచించెను. సింఫొనీ డి మైనర్‌లోను, స్తోత్రము సి మేజర్‌లోను ఉన్నవి. రెంటికిని శ్రుతి పొసగదని ఆ మహావిద్వాంసుడెరుగడా? ఎరిగియు, తన కృతి స్తుతితోనే ముగియవలెనని కోరెను. మౌనమునందు పవిత్రతను చూచునది మన రసికత. ఆ భక్తుని విశ్వాసము కోరినది స్తుతి. తొమ్మిదవ సింఫొనీ జాప్యమునకు కారణమును మానుషమే: 1887లో వాద్యబృంద నిర్దేశకుడగు హెర్మన్ లేవి ఎనిమిదవ సింఫొనీని నిరాకరింపగా కుంగిపోయి, ఆయన పాత కృతుల సంస్కరణమున ఏండ్లు వెచ్చించెను. మనుష్యుల నిరాదరణ ఫలమును దైవసంకల్పమని కీర్తించుట నాకు కష్టముగా తోచును.

ఆయన మరణానంతరము నాల్గవభాగపు వ్రాతప్రతి పుటలను కొందరు జ్ఞాపికలుగా కొనిపోయిరి. 1903లో శిష్యుడగు ఫెర్డినాండ్ లోవె ఈ సింఫొనీని వియన్నాలో తొలిసారి వినిపించుచు, గురువు కరకుదనమును నునుపుచేసి, వాద్యవిన్యాసమును మార్చెను. 1932లో మ్యూనిక్‌లో నిర్దేశకుడగు హౌసెగ్గర్ లోవె పాఠమును, బ్రుక్నర్ మూలపాఠమును ఒకేచోట వినిపించువరకు లోకము దానినే బ్రుక్నర్ కృతిగా నమ్మెను. లోవె భక్తిని నేను శంకింపను. తన చేతిని గురువు చేతిక్రింద దాచుటయే ఆయన దోషము. సమాలె, ఫిలిప్స్, కోర్స్, మజ్జూకా అను నలువురు పండితులు పూరించిన నాల్గవభాగమును 2012లో నిర్దేశకుడగు సైమన్ రాటిల్ బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్‌తో రికార్డు చేసినప్పటి తీరు వేరు: ఏది బ్రుక్నర్ వ్రాతయో, ఏది తమ ఊహయో వారు వివరించియున్నారు. అంతకుముందు 2002లో మరియొక నిర్దేశకుడగు ఆర్నన్‌కూర్ వియన్నా ఫిల్‌హార్మోనిక్‌చేత మిగిలిన శకలములను మాత్రమే వాయింపజేసి, ఖాళీలను ఖాళీలుగనే నిలిపెను. ఈ రెండు మార్గములును నాకు పూజ్యములే.

ఒకని ప్రార్థనను వేరొకడు ముగింపజాలడన్నమాట నిజము. నాల్గవభాగపు ముగింపు ఘట్టమునకు బ్రుక్నర్ పూర్తి స్వరలిపి నేటికిని లభింపలేదు. కాన అచ్చట వినవచ్చు ప్రార్థనలో పూరకుల స్వరము గూడ కలదని తెలిసి వినవలెను. అయినను, ఆయన స్వహస్తముతో లిఖించిన వందలాది స్వరపంక్తులు పెట్టెలలో మూగవోవుటకంటె ఇది మేలు. ఆ నలువురు క్రొత్త ఆధారము దొరకినప్పుడెల్ల తమ రచనను సవరించుకొనుచు వచ్చిరి. ఆయన పుట యొక్కటి రేపు బయల్పడినచో, ఆ మేరకు తమ పంక్తులు తొలగిపోవలసినవేయని వారెరుగుదురు.