వట్టి చేతుల బాటసారి

వర్తకునికి దారిబత్తెము లేని ప్రయాణము ఊహకు అందదు. బెంగుళూరు చిక్కపేటనుండి గుడ్డల బేరమునకై సూరతు పోవువాడు మొదట చూచుకొనునది చేతి సొమ్ము, తరువాత బస, ఆ తరువాత శుద్ధమైన భోజనము దొరకు చోటు. ఇంటివారు కట్టి యిచ్చిన ఖాఖరాల డబ్బా సంచిలో ఉన్నదో లేదో తడిమి చూచుకొని గాని రైలెక్కడు. ఇందులో తప్పు లేదు. ముందుచూపు గృహస్థధర్మములోనిదే. ఆ ముందుచూపే అలవాటైన సంఘములో పుట్టిన ఒకడు చేత కాసు లేకుండ 8,000 మైళ్ల యాత్ర చేసినాడనినచో, అతనిని మెచ్చుకొనవలెనా, మందలింపవలెనా అను ప్రశ్న ఆ సంఘమునకే ఎక్కువగా తగులును.

ఆ యాత్రకు సంకల్పము జరిగినది బెంగుళూరులోనే, ఒక కాఫీ హోటలులో. 1961 సెప్టెంబరులో అణ్వాయుధములకు వ్యతిరేకముగ ఇంగ్లండున జరిగిన ఆందోళనకు సంబంధించి తత్త్వవేత్త బెర్ట్రండ్ రస్సెలును వారము దినములు బ్రిక్స్టను చెరసాలలో ఉంచినారు. అప్పటికాయనకు 89 ఏండ్లు. ఈ వార్తను చదివిన యువకులు సతీశకుమార్, ఇ. పి. మేనోను. ఇరువురును వినోబా భావే అనుయాయులు. అంతటి వృద్ధుడు జైలుకు పోవుచుండగా తాము కాఫీ త్రాగుచు కూర్చుండుట యేమని వారికి సిగ్గు కలిగినది. అణ్వాయుధములు గల నాలుగు దేశముల రాజధానులకు, అనగా మాస్కో, పారిస్, లండను, వాషింగ్టను నగరములకు, కాలినడకను పోయి శాంతి కోరవలెనని అనుకొన్నారు. కాఫీ కప్పుల ముందు జరుగు నిశ్చయములలో నూటికి తొంబదితొమ్మిది కప్పుతోబాటే చల్లారిపోవును. ఇది చల్లారలేదు.

సతీశకుమార్ 1936లో రాజస్థానమునందలి శ్రీడూంగర్‌గఢ్‌లో జైన కుటుంబమున జన్మించినవాడు. తొమ్మిదవ యేట తేరాపంథమున ఆచార్య తులసి సంఘములో దీక్ష గైకొన్నాడు. తొమ్మిదేండ్లు ముఖవస్త్రిక ధరించి, ఊరూరు నడచి, గోచరితో జీవించి, గాంధీ రచనల ప్రభావమున 18వ యేట దీక్ష విడిచి వెళ్లిపోయినాడు. ఈ సంగతిని దాచిపెట్టి అతని నడకను మాత్రము పొగడుట న్యాయము కాదు. మహావ్రతము యావజ్జీవమునకు సంబంధించినది. విడిచినవానిని విడిచినవాడనియే సంఘము చెప్పును. అయినను, వేషము విడిచినవాని కాళ్లు విహారమును మాత్రము విడువలేదు. అతడు పోయి చేరినది మరియొక పాదచారినే. ఆ పాదచారి భూదాన యాత్రకు మొదటి దానము దొరకినది తెలుగునేలమీదనే. 1951 ఏప్రిలు 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరములు ఇచ్చుటకు ముందుకు వచ్చినాడు.

యువకులిరువురు ఆశీర్వాదమునకు వెళ్లగా వినోబా వారికి రెండు షరతులు పెట్టినాడు. శాకాహారము విడువరాదు, వెంట డబ్బు ఉంచుకొనరాదు. మొదటిది వారికి వింత కాలేదు. రెండవది విని తెల్లబోయినారు. అయితే వినోబా చెప్పిన కారణము వ్యవహారజ్ఞానము గలది. జేబులో డబ్బున్నచో సాయంకాలమునకు హోటలు వెదకుదురు, తిందురు, పడుకొందురు, తెల్లవారగానే లేచి పోవుదురు. ఏ ఊరిలోను ఏ మనిషితోను పని పడదు. డబ్బు లేనిచో ఎవరి తలుపైనను తట్టక తప్పదు. శాకాహారులమని చెప్పక తప్పదు. ఎందుకని వారు అడుగక మానరు. అక్కడనుండి అహింసను గూర్చిన మాట మొదలగును. అనగా డబ్బు లేమి ఇక్కడ తపస్సుకంటె ఎక్కువగా ఒక ఉపాయము.

1962 జూను 1న వారు ఢిల్లీలో గాంధీ సమాధినుండి బయలుదేరినారు. పాకిస్తాను సరిహద్దువద్ద తెలిసినవారొకరు ఆహారపు పొట్లములు తెచ్చి, శత్రుదేశములో ఎవరు పెట్టుదురు, ఇవియైన ఉంచుకొనుడని బ్రతిమాలినారు. సతీశకుమార్ వానిని తీసికొనలేదు. ఆ పొట్లములలో ఉన్నది అన్నము కాదు, అవతలివారిమీది అపనమ్మకమని అతని భావము.

ఇక్కడనే వర్తకుని మనస్సు అడ్డు చెప్పును. ఆ అడ్డు చిన్నది కాదు. తన సొమ్ము తాను మోయకుండ ఇతరుల యింట తినువాడు త్యాగియెట్లగును? ఖర్చు తప్పలేదు గదా, చెల్లించినవాడు మాత్రము మారినాడు. అఫ్గానిస్తానమున, ఇరానున పేదరైతు తన రొట్టెలో సగము త్రుంచి యిచ్చియుండును. బాటసారి అపరిగ్రహమునకు ఆ రైతు కుటుంబము మూల్యము చెల్లించినట్లే గదా!

జైన మునిధర్మము ఈ ఆక్షేపణను ఎంతో ముందుగానే ఎరిగియున్నది. గోచరి నియమములు పుట్టినది ఇందుకే. తుమ్మెద పువ్వును వాడనీయకుండ ఇంచుక తేనె గైకొన్నట్లు ముని పలు ఇండ్లనుండి కొంచెము కొంచెము గ్రహింపవలెనని దశవైకాలిక సూత్రము మొదటి అధ్యయనమే చెప్పుచున్నది. తనకొరకై వండినది పనికిరాదు. ఇంటివారు తమకై వండుకొన్నదానిలో మిగులునదే తనది. ఈ కొలతతో చూచినచో సతీశకుమార్, మేనోనుల భోజనము గోచరి కాదు. వారికొరకు పొయ్యి వెలిగించినారు, వారికొరకు కూరలు తరిగినారు, అది ఉద్దిష్టాహారమే. కనుక వారిని మునులతో పోల్చి స్తోత్రము చేయువారు మునులకును, వారికిని ఇరువురకును అన్యాయము చేయుచున్నారు. వారు అతిథులు. అతిథికి అతిథి గౌరవమే చాలును.

దీనికి సరిగా ఎదురుగానున్న మార్గము నొకదానిని జపాను పాతబాటలలో చూడవచ్చును. 1601లో టోకుగవా ఇయెయాసు ఎడో నగరమునుండి, అనగా నేటి టోకియోనుండి, క్యోటో వరకు పోవు టొకైడో బాటపై మజిలీల ఏర్పాటు మొదలుపెట్టినాడు. క్రమముగా ఆ మజిలీలు 53 అయినవి. సుమారు నాలుగు కిలోమీటర్లకొక చోట బాటకు ఇరుప్రక్కల మట్టిదిబ్బ వేసి దానిపై నీడకు చెట్టు నాటించిరి. ఆమడకొక సత్రము, కోసుకొక చలిపందిరి పెట్టించిన మన పెద్దల ఆలోచనకు ఇది దగ్గరది. ఇప్పుడు ఆ పాతబాటలలో మిగిలిన భాగములను దేశదేశములవారు నడచుచున్నారు. వారిలో గుడారము, పొయ్యి, పడక, బియ్యము వీపున కట్టుకొని వారముల తరబడి నడచు భార్యాభర్తలును ఉన్నారు. వారు ఎవరి తలుపు తట్టరు, రాత్రికి ఒక చదును నేల చూచుకొందురు, వండుకొని తిందురు, ఉదయమున చెత్త మూటగట్టి తమతోనే తీసికొనిపోవుదురు. ఎవరికిని భారము కారు. వర్తకుని మనస్సునకు ఇది వెంటనే నచ్చును. అప్పు లేదు, మొగమోటము లేదు, లెక్క అక్కడికక్కడ సరి.

అయితే ఆ దేశమునందే షికోకు దీవిలో వేరొక లెక్క నడచుచున్నది. అక్కడ 88 ఆలయములను కలుపుచు సుమారు 1,200 కిలోమీటర్ల ప్రదక్షిణ యాత్ర కలదు. దారిలోని ఊరివారు యాత్రికునికి పండో, తినుబండారమో, కొంత చిల్లరయో ఇత్తురు. దీనిని సెట్టాయి అందురు. యాత్రికుడు దానిని కాదనరాదు. కాదన్నచో ఇచ్చువాని పుణ్యమునకు అడ్డుపడినట్లు. నాకు అక్కరలేదనుట అక్కడ మర్యాద కాదు, లోభము. బరువంతయు తానే మోయుదుననువానిలో కూడ ఒక గర్వముండునని ఆ ఊరివారికి ఎట్లో తెలిసినది.

మరి వీపున 15 కిలోలు మోయుచు ఎవరికిని భారము కానివాడు అపరిగ్రహియా? ఏమియు మోయక అందరికి భారమగువాడు అపరిగ్రహియా? ప్రశ్నను ఇట్లు అడిగినచో జవాబు దొరకదు. ఏలనన, తత్త్వార్థసూత్రము పరిగ్రహమనునది వస్తువును కాదు, దానిపైని మమకారమును. గుడారము మోయువానికి దానిపై మమత లేకుండవచ్చును. వట్టి చేతులవానికి తన వట్టి చేతులమీదనే మమత ఉండవచ్చును. నలుగురు చూచుచున్నారని ఆ చేతులను మరికొంచెము చాచి చూపవచ్చును. తూచవలసినది సంచి కాదు, సంచి ఎందుకు కట్టబడినదో ఆ కారణము. భయముచేత కట్టిన సంచి చిన్నదైనను బరువే. ఎదుటివానిని శ్రమపెట్టకూడదని కట్టిన సంచి పెద్దదైనను తేలిక.

వర్తకులకు బాగుగ తెలిసిన హుండీని ఇక్కడ తలచుకొనవచ్చును. పూర్వము ఒక ఊరి షాహుకారు వ్రాసి యిచ్చిన కాగితమునకు వందల మైళ్ల అవతల మరియొక ఊరి షాహుకారు రొక్కము చెల్లించెడివాడు. ఆ కాగితము వెనుక ఉన్నది వెండి కాదు, పేరు. డబ్బు లేక నడచినవాడును హుండీ వ్రాసినవాడే, అదియును ముక్కు మొగమెరుగనివారిమీద. పాత ఖాతా లేదు, పేరు లేదు. అయినను కాబూలునుండి మాస్కో వరకు ఆ హుండీ చెల్లినది. ఇందులో ఘనత నడచినవానిదా, చెల్లించినవానిదా? చెల్లించినవానిదేననుట సత్యమునకు దగ్గర. ఇట్టి యాత్రల చరిత్రలో ఆ ఇల్లాండ్ర పేర్లు మాత్రము ఎక్కడను కానరావు.

శ్రావకుల పండ్రెండు వ్రతములను ఈ దృష్టితో మరల చూచినచో ఒక చక్కని సంగతి తోచును. ఆరవదైన దిగ్వ్రతము గృహస్థుని రాకపోకలకు హద్దు గీయుచున్నది. పండ్రెండవదైన అతిథిసంవిభాగము తన అన్నములో అతిథికి భాగము పెట్టుమనుచున్నది. ముని నడచును; గృహస్థు తన హద్దులలో నిలిచి తలుపు తెరచి యుంచును. అందరును నడచినచో తట్టుటకు తలుపులే ఉండవు. బాటసారికంటె తాను తక్కువవాడనని అంగడిలో కూర్చున్నవాడు చిన్నబుచ్చుకొనవలసిన పని లేదు. అంగడి మూయు వేళకు వచ్చినవానిని ఏమని పలుకరించుచున్నాడో అదియే అతని యాత్ర.

ఇది పుస్తకములలోని ప్రశ్న మాత్రమే కాదు. ఆచార్య మహాశ్రమణ్ తమ అహింసా యాత్రలో 2019 చాతుర్మాసము బెంగుళూరునను, 2020 చాతుర్మాసము హైదరాబాదునను జరిపినారు. మధ్య దూరమంతయు నడకయే. ఎనిమిది మాసములు సాధుసాధ్వులు రహదారులమీదనే ఉందురు. నాలుగు మూరల మేర నేలను పరికించుచు, చీమను త్రొక్కక నడువుమనును ఈర్యాసమితి. ఆ నియమము పుట్టిన కాలమున బాటపై ఎదురగునవి ఎడ్లబండ్లు. ఇప్పుడు తెల్లవారుజాము మసకలో వెనుకనుండి వచ్చునది లారీ. నేల చూచుచు నడచువారిని వాహనములు ఢీకొన్న దుర్ఘటనలు ఒకటి రెండు కావు. ప్రాణము పోవు దారిలో ప్రాణరక్షణకై నడచుట యేమని యువకులు అడుగుచున్నారు. ఆ ప్రశ్నను అవిధేయత యని త్రోసివేయరాదు.

కొందరు వేరు దారి ఏర్పరచినారు. ముని సుశీలకుమార్ 1975లో విమానమున పాశ్చాత్య దేశములకు వెళ్లినారు. తీవ్రమైన విమర్శ వచ్చినది. ఆచార్య తులసి 1980లో సమణశ్రేణిని స్థాపించి, మునులకు లేని వాహనప్రయాణపు వెసులుబాటును ఆ శ్రేణికి కల్పించినారు. మునుల నడకను మాత్రము ముట్టలేదు. ఇది వర్తకుడు మెచ్చదగిన పరిష్కారము. పాత ఖాతాను కొట్టివేయక, ప్రక్కన క్రొత్త ఖాతా తెరచినారు.

మిగిలినవారి మాటేమి? ముని వెనుక దీపములు వెలిగించుకొని మెల్లగా ప్రాకు మోటారుకారును చూచి నవ్వువారున్నారు. వాహనము వద్దన్నవారి వెనుక వాహనమా యని! నవ్వుట సులభము. కాని ఆ కారులో కూర్చున్నవాడు దిగి, మెరయు గుడ్డ తొడుగుకొని, చేత దీపము పట్టుకొని, ఆ 15 కిలోమీటర్లు తానును నడచినచో నవ్వుటకేమియు ఉండదు. విహారధామమునకు చందా వ్రాయుటకంటె ఇది కష్టము, ఎందుకనగా చందాకు ఉదయము నాలుగు గంటలకు లేవనక్కరలేదు. లారీ తోలువానికి కనబడవలసినది ధామముపై చెక్కిన దాతల పేర్లు కాదు.

ఆ ఇరువురి యాత్ర ఎట్లు ముగిసినదో చెప్పవలసియున్నది. జార్జియా దేశములో తేయాకు కర్మాగారమున పనిచేయు ఒక స్త్రీ వారికి నాలుగు తేయాకు పొట్లములిచ్చి, నాలుగు రాజధానులలోని అధినేతలకు అందజేయుడని కోరినది. అణ్వాయుధము ప్రయోగింపవలెనని ఎప్పుడైన తోచినచో, ముందు ఒక కప్పు టీ త్రాగి ఆలోచింపుడని ఆమె సందేశము. అన్నపు పొట్లములు వద్దన్నవారు ఈ పొట్లములను మాత్రము వేల మైళ్లు మోసినారు. ఫ్రాన్సులో చెరసాల చూచినారు. ఇంగ్లండులో రస్సెలును దర్శించినారు. ఓడలో అట్లాంటికు దాటి న్యూయార్కునుండి వాషింగ్టనుకు నడచి, 1964 జనవరిలో కెనడీ సమాధివద్ద యాత్ర ముగించినారు. వారు కలువవలెననుకొన్న అధ్యక్షుడు అప్పటికి రెండు నెలల క్రిందటనే హత్యకు గురియైనాడు. గాంధీ సమాధివద్ద మొదలైన నడక మరియొక హతుని సమాధివద్ద నిలిచినది. తరువాత జపానునకు పోయి టోకియోనుండి హిరోషిమా వరకు నడచినారు. ఆ 1964లోనే, అక్టోబరు 1న, టోకియో, ఒసాకాల మధ్య అతివేగపు రైలు మొదలైనది.

అన్నిటికంటె మొదటి దినము సంగతి మిగిలినది. సరిహద్దున పొట్లములు తిప్పి పంపి, వట్టి చేతులతో పాకిస్తాను గడ్డపై అడుగిడగానే ఒక యువకుడు ఎదురువచ్చి, ఢిల్లీనుండి నడచి వచ్చుచున్నవారు మీరేనా యని అడిగినాడు. పత్రికలో చదివి లాహోరునుండి వచ్చి కాచుకొనియున్నాడు. వాహనమున ఎక్కుడన్నాడు. తాము నడకను మాత్రమే వత్తుమని వారు చెప్పగా, అట్లయినచో సాయంకాలము లాహోరులో కలిసికొందునన్నాడు. ఆ రాత్రి వారి భోజనము అతని యింటనే జరిగినది.