ఎక్కడ విరగాలి?

నాలుగు నెలలుగా కవాడిగూడలో మా ఇంటి ముందు ఒక జీపు చెక్కదిమ్మల మీద నిలబడి ఉంది. చక్రాలు లేవు. వెనక ఇరుసు హౌసింగ్ తులసికోట పక్కన పాత ఎన్నికల ఫ్లెక్సీ కప్పుకొని పడుకుంది. గేర్ ఆయిల్ వాసన పోవడానికి అమ్మ రోజూ సాంబ్రాణి వేస్తుంది. ఇప్పుడు రెండూ కలిసి ఇంకో కొత్త వాసన తయారైంది.

జీపు మా చిన్నాయనది. ప్రభుత్వ శాఖలో డ్రైవరుగా చేసి, దిగిపోయే ముందు వేలంలో కొనుక్కున్నాడు. మహీంద్రా సీజే త్రీబీ. అమెరికాలో విల్లీస్ వాళ్లు 1953లో తెచ్చిన మోడల్. అక్కడ 1968లో ఆపేశారు గానీ మన దగ్గర దాని సంతానం దశాబ్దాల పాటు కొండలెక్కింది. దాన్ని 'అప్‌గ్రేడ్' చేస్తానని తీసుకున్నది నేను. దిమ్మల మీదికి తెచ్చిందీ నేనే.

జీపు బలం ఇంజన్‌లో ఉందనుకుంటాం. అసలు సంగతి దాని కింద ఉంటుంది. లో రేంజ్ ఫస్ట్ గేరులో గేరుబాక్సు తిప్పే బలాన్ని 2.8 రెట్లు చేస్తుంది. ఫోర్ వీల్ పెట్టె దాన్ని మళ్లీ 2.46 రెట్లు, ఇరుసులోని క్రౌన్ పినియన్ 5.38 రెట్లు. అన్నీ గుణిస్తే దాదాపు 37. ఇంజన్ మెల్లగా అడిగిన మాట చక్రం దగ్గరికి 37 గొంతులతో చేరుతుందన్నమాట. మధ్యలో ఉన్న ప్రతి షాఫ్టూ, ప్రతి క్రాసూ ఆ అరుపు భరించాలి.

దీనికి నేను రెండు మార్పులు చేయించాను. 28 అంగుళాల పైచిలుకు టైర్లు తీసేసి 31 అంగుళాలవి వేయించాను. వెనక డిఫరెన్షియల్‌లో లాకర్ పెట్టించాను. మామూలు డిఫరెన్షియల్‌ది ఒక వింత సమానత్వం. రెండు చక్రాలకీ ఎప్పుడూ ఒకే బలం ఇస్తుంది. ఒక చక్రం బురదలో జారి ఏమీ పట్టుకోలేకపోతే, గట్టినేల మీదున్న రెండోదానికీ అంతే ఇస్తుంది, అంటే దాదాపు ఏమీ ఇవ్వదు. లాకర్ పెడితే ఆ బాధ పోతుంది. జారే చక్రాన్ని వదిలేసి, పట్టున్న చక్రం మీదికి మొత్తం బలం తోసెయ్యొచ్చు. నాకు అది గొప్ప న్యాయంలా కనిపించింది. ఆ మొత్తాన్నీ మొయ్యాల్సిన షాఫ్టు మాత్రం పాతదే. దాన్ని ఎవరూ అడగలేదు. నేనైతే అసలే అడగలేదు.

పోయిన వానాకాలం అనంతగిరి దగ్గర, ఒక రాళ్ల ఏటవాలు మీద, వెనక ఎడమ షాఫ్టు కొసన విరిగింది. ఈ రకం ఇరుసులో షాఫ్టుకి రెండు పనులు: చక్రాన్ని తిప్పాలి, బండి బరువూ మొయ్యాలి. దీన్ని సెమీ ఫ్లోటింగ్ అంటారు. అలాంటి షాఫ్టు బేరింగ్ బయట విరిగిందంటే తిరగడం ఆగిపోవడంతో అయిపోదు, చక్రమే ఊడి వెళ్లిపోతుంది. వెళ్లిపోయింది. బ్రేక్ ఆయిల్ కారిపోయి పెడల్ నేలకి ఆనింది. బండి మాత్రం ఒక మూల కుంగి, ముందు చక్రాలు గేరులోనే ఉండటంతో అక్కడే ఆగింది.

చక్రం ఆగలేదు. కింద ఒక మేకల పిల్లాడు ఉన్నాడు. మేం అడగకుండానే వచ్చి, చక్రాల వెనక రాళ్లు పెడుతూ సాయం చేస్తున్నాడు. బహుశా పధ్నాలుగేళ్లుంటాయి. 31 అంగుళాల చక్రం, డ్రమ్ముతో సహా, వాడికి జానెడు దూరంలో దొర్లుకుంటూ పోయింది. వాడు నవ్వాడు. పరిగెత్తుకెళ్లి తుప్పల్లోంచి దాన్ని దొర్లించుకొచ్చి ఇచ్చాడు కూడా. పేరు అడగాలని నాకు ఇంటికొచ్చాక తట్టింది.

ఇనుము ఎందుకు విరిగిందో తెలుసుకోవడం కష్టం కాదు, లెక్క వేసుకోవచ్చు. నన్ను తిన్నది వేరే. కొండ ఎక్కాలన్న సరదా నాది, స్టీరింగ్ నా చేతిలో ఉంది, సీటు బెల్టు నాకుంది. నేను కొనుక్కున్న బలం తాలూకు ప్రమాదం మాత్రం బండి బయట నిలబడ్డవాడి వైపు దొర్లింది. మిళింద పన్హలో నాగసేనుడు రాజుని అడుగుతాడు కదా, ఇరుసు రథమా, చక్రాలు రథమా అని. జీపు విప్పుకొని కూర్చున్నవాడికి ఆ ప్రశ్న రావడం సహజమే, నాకూ వచ్చింది, నచ్చింది కూడా. కానీ ఆ ఇరుసు విరిగినప్పుడు పక్కన ఎవరు నిలబడి ఉన్నారో ఆ సంభాషణలో రాదు. రావాల్సిన అవసరం వాళ్లకి లేదనుకోండి.

రాణిగంజ్ వెళ్లి మరింత లావు షాఫ్టు తెస్తానన్నాను చిన్నాయనతో. ఆయన పానా కింద పెట్టి, "తెస్తవ్. అది ఇరగదు. గప్పుడు క్రౌన్ ఇరుగుతది. క్రౌన్ మారుస్తవ్, జాయింట్ ఇరుగుతది. యాడనో ఒక్కాడ ఇరగాలె గదరా. యాడ ఇరగాల్నో నువ్వు జెప్తవా, కొండ జెప్పాల్నా?" అన్నాడు.

పాత ఇళ్లలో పింగాణీ ఫ్యూజులు ఉండేవి, గుర్తుందా? మా పై వాటాలో ఇంకా ఉంది. అక్కడ అశోక్‌నగర్‌లో కోచింగ్ తీసుకునే ముగ్గురు అబ్బాయిలుంటారు. హీటరు పెట్టినప్పుడల్లా ఫ్యూజు పోతోందని ఒకరోజు లావు తీగ చుట్టేశారు. ఆ తర్వాత ఫ్యూజు పోలేదు. గోడలో వైరు వేడెక్కడం మొదలైంది. పోవడమే ఫ్యూజు చేసే పని అని మనం మర్చిపోతాం.

వాళ్లలో ఒకడు గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022లో ఒకసారి రాశాడు, రద్దయింది. 2023లో మళ్లీ రాశాడు, అదీ రద్దయింది. 2024లో మూడోసారి కూర్చున్నాడు. "వాడు గట్టోడు" అంటారు మిగతా ఇద్దరూ. నేనూ అలాగే అనేవాణ్ణి. ఈ మధ్య ఆ మాట వింటే నాకు లావు తీగ గుర్తొస్తోంది. వాడు విరగకపోతే ఆ బరువు ఎక్కడికి పోతోంది? ఊళ్లో ఎవరి చదువు ఆగింది, ఎవరి పెళ్లి వాయిదా పడింది? అడిగేంత చనువు నాకు లేదు.

చిన్నాయన సూచించిన మార్పు వేరు: ఫుల్ ఫ్లోటింగ్. ఇందులో బరువుని హౌసింగ్ చివర ఉండే స్పిండిలూ హబ్బూ మోస్తాయి. షాఫ్టు తిప్పడం వరకే. అది విరిగినా చక్రం ఉన్నచోటే ఉంటుంది, బ్రేకూ ఉంటుంది. యుద్ధకాలపు జీపులకి వెనకాల ఇదే ఉండేది, తర్వాత మారింది. బలం పెంచడం కంటే పనులు విడదియ్యడం ముఖ్యమన్న ఆలోచన అది. లాకర్ వల్ల షాఫ్టు విరిగే అవకాశం మాత్రం తగ్గలేదు. విరగడం చెయ్యి అందే చోట, ఎవరికీ తగలకుండా జరుగుతుంది, అంతే తేడా.

పని 'ఇంట్లోనే' చేశామంటున్నాను గానీ, బేరింగులు ప్రెస్ చేసింది ఆజామాబాద్ లేతు మెషిన్ దగ్గర, కళ్లద్దాలు లేకుండా. నేను కొనిచ్చిన అద్దాలు ఆ కుర్రాడు నుదుటి మీదికి తోసుకున్నాడు. మేం చేసింది క్రౌన్ పినియన్ సెట్టింగు. పళ్లకి రంగు పూసి, తిప్పి, అచ్చు ఎక్కడ పడుతోందో చూసి, షిమ్ములు మార్చి మళ్లీ తిప్పడం. రెండు పళ్ల మధ్య సందు 0.13 నుంచి 0.25 మిల్లీమీటర్ల లోపు రావాలి. పదకొండు సార్లు విప్పాం. సందు లేకుండా బిగిస్తే వేడికి పట్టేస్తుంది, ఎక్కువైతే పళ్లు కొట్టుకుంటాయి. పన్నెండోసారి డయల్ గేజి 0.18 చూపించినప్పుడు చిన్నాయన ఏమీ అనలేదు, చాయ్ తెమ్మన్నాడు.

2019 జనవరిలో సుప్రీంకోర్టు, తయారీదారు ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా మార్చిన బండిని రిజిస్టర్ చెయ్యకూడదని చెప్పింది. అప్పట్లో మా స్నేహితులందరిలాగే నేనూ చిరాకుపడ్డాను. నా బండి, నా ఇష్టం అని. ఇప్పుడు ఆ తీర్పు గురించి ఆలోచిస్తే నాకు కోర్టు కంటే ముందు మేకల పిల్లాడు కనిపిస్తాడు. మా కొత్త ఇరుసు కూడా మార్పే కదా అంటారా? అవును, మార్పే. ఆర్టీఏలో ఆ సంగతి తేలేదాకా గేటు దాటించొద్దని చిన్నాయన తాళంచెవి తన దగ్గరే పెట్టుకున్నాడు.

మొన్న ఆదివారం పాత టైర్లు బిగించి దిమ్మలు తీసేశాం. చిన్నాయన వెనక షాఫ్టులు రెండూ బయటికి లాగి తులసికోటకి ఆనించి, "నూకు" అన్నాడు. షాఫ్టులు లేని జీపు తన నాలుగు చక్రాల మీద గేటుదాకా మెత్తగా కదిలింది. 31 అంగుళాల టైర్లు మేడ మీద ఉన్నాయి. అమ్మకానికి ఫొటోలు తీశాను గానీ ఇంకా ఎక్కడా పెట్టలేదు.