కూషు దేశపు కోడలు

ధ్యాన భాగము: సంఖ్యాకాండము 12వ అధ్యాయము



మోషే కూషు దేశపు స్త్రీని పెండ్లి చేసికొనెను. అక్క మిర్యాము, అన్న అహరోను అందునుబట్టి అతనికి విరోధముగా మాటలాడిరి. కూషు ఐగుప్తునకు దక్షిణమున నున్న నల్లనివారి దేశము. మిర్యాము ఆమె రంగునే ఆక్షేపించెనని లేఖనము చెప్పదు. పరదేశి పిల్ల అని కావచ్చును, తమ్ముని అధికారముమీది అసూయయు అందులో నున్నది. అయినను తెలుగింట పుట్టిన మనకు ఆడబిడ్డ సణుగుడు ఎట్లుండునో ఒకరు చెప్పనక్కరలేదు.

ఈ భాగము మాకు గుర్తు వచ్చుటకు కారణమున్నది. ఇచ్చట బెంగళూరులో మా సంఘమునకు చెందిన ఒక యౌవన సహోదరి చక్కగా పాడును. పెండ్లిచూపులకు వచ్చిన రెండు కుటుంబములు, రెండును విశ్వాసుల కుటుంబములే, పిల్ల రంగు తక్కువని కబురంపిరి. ఆమె ఎవరో చెప్పిన క్రీము కొని నెలల తరబడి పూసికొనెను. మొదట ముఖము తెలుపెక్కినట్లుండెను. మానగానే ఎర్రబారి, మంటలు పుట్టి, మొటిమలు లేచెను. అందులో స్టెరాయిడ్ ఉన్నదని చర్మవైద్యుడు చెప్పువరకు ఇంటివారెరుగరు. ఇట్టి పైపూత మందులను డాక్టరు చీటీ లేక అమ్మరాదని 2018లోనే కేంద్ర ప్రభుత్వము కట్టడి చేసినది. తల్లులారా, ఇప్పటికే వాడుచున్న పిల్లలుంటే హఠాత్తుగా మాన్పించక, ముందు చర్మవైద్యునికి చూపించుడి.

ఆమె పాట మానుకొని చివరి బెంచీలో కూర్చుండుచున్నది.

నేరము లోకముదేనని చెప్పుట సులభము. 1996 నవంబరులో మన చిన్నస్వామి స్టేడియములో ప్రపంచ సుందరి పోటీలు జరిగినప్పుడు ఎంత గొడవ! ఈతదుస్తుల భాగమును సీషెల్స్ దీవులకు తరలించవలసి వచ్చెను. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో గ్లో అండ్ లవ్లీ ఆయెను. డబ్బామీద పేరు మారినది. మన నోరు మారినదా? పురిటి బిడ్డను చూడబోయి, తల్లి క్షేమమా అని అడుగకమునుపే బిడ్డ రంగు అడుగుదుము. మేమును ఒక సంబంధము మాటలాడుచు "పిల్ల రంగెట్లుంటుంది?" అని అడిగినవారమే. ప్రభువు ఎదుట ఒప్పుకొనుచున్నాము.

మన పితరులెవరు? 1876-78 కరవులో ఒంగోలు క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో కొంత భాగము గుత్తకు తీసికొనగా, కూటికొరకు ఎండలో మట్టి మోసినవారు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్క దినమే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ నీటిలో దిగినవారు తెల్లనివారా? పరమగీతము మొదటి అధ్యాయములోని కన్యయు తన నలుపు ద్రాక్షతోటకు కావలియుండగా తగిలిన ఎండవలననని చెప్పును. అయినను తాను అందగత్తెననుటకు వెనుదీయదు. కష్టము చేసిన మేను అది. మన మేను వారిచ్చినది.

139వ కీర్తన చదివి ఆ సహోదరిని ఓదార్చవచ్చును. దేవుడే ఆమెను తల్లిగర్భములో నిర్మించెననుట సత్యమే. అయితే ఆ కీర్తన చదివిన నోరే సాయంత్రము సంబంధమునకు రంగు అడిగినయెడల ఆమె దేనిని నమ్మవలెను? తన్ను తాను అంగీకరించుకొనుమని పిల్లకు బోధించుటకు ముందు మనము ఆమెను అంగీకరించితిమా?

మిర్యాము శరీరము మంచువలె తెల్లనాయెను. ఎవరును కోరని తెలుపు అది. (ఇందునుబట్టి కుష్ఠును గాని బొల్లిని గాని శాపమని ఎవరినీ అనకుడి.) మోషే ఆమె కొరకు మొఱ్ఱపెట్టెను. ఆమె ఏడు దినములు పాళెము వెలుపల ఉండెను. ఆమె మరల లోనికి వచ్చువరకు జనులు ప్రయాణము సాగింపలేదు. తప్పు చేసిన ఆమెకొరకే అందరును ఆగిరి. ఏ తప్పును చేయని మన బిడ్డ చివరి బెంచీలో ఉండగా మనము పాటలు పాడి యిండ్లకు పోవుచున్నాము.

మా సంఘపు వివాహ వివరముల కాగితములో "రంగు" అను గడిని కొట్టివేయుటకు పెద్దలు సమ్మతించిరి. ఒకరిద్దరు సణిగిరి. ముఖము మానుటకు నెలలు పట్టునని వైద్యుడు చెప్పెను. పాటల బృందములో ఆమె కుర్చీని ఎవరికిని ఇయ్యవద్దని చెప్పియున్నాము.